సూళ్లూరుపేట పండగ నెల కబుర్లు

రండి రండి, చలిలో అక్కడే నిలబడ్డారేం! నెలగంట పెట్టిన దగ్గర్నుంచి మా వీధికి తెల్లవారుజామునే పొద్దెక్కినంత సందడి. ఒక పక్క కళ్లాపి చప్పుళ్లు, ఒక పక్క గుళ్లోంచి తిరుప్పావై, మధ్యలో పాలవాడి గంట. మా పిల్లలిద్దరూ బడికి పోకుండా ఇంటి దగ్గరే చదువుకుంటున్న సంగతి మీకు కొత్త కాదు. ఏడాది మొత్తంలో వాళ్లు ఎక్కువగా నేర్చుకునేది ఈ పండగ నెలలోనే. ఈ రోజుల్లో పుస్తకాల బీరువా తెరిచేది తక్కువ, వీధి తలుపు తెరిచేది ఎక్కువ.

ముందు వాకిట్లోకే పోదాం. ముగ్గు అవ్వది, చుక్కలు పెద్దదానివి, రంగులు చిన్నోడివి అని మా ఇంట్లో పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా" అని అవ్వ గడప దగ్గర్నుంచే కేకేస్తే పెద్దది చకచకా పెట్టేస్తుంది. నడుమ వరసలో పదిహేను, దాని పైనా కిందా సందుల్లో పద్నాలుగేసి, ఆ తర్వాత పదమూడేసి, అట్లా చివర ఎనిమిదేసి. మొత్తం ఎన్ని చుక్కలే అని అడిగాను. పలక మీద కూడి 169 అంది. ఒక్క క్షణం ఆగి "అమ్మా, పదమూడు పదమూళ్లు!" అని ఎగిరి గంతేసింది.

ఇక చిన్న ముగ్గులన్నీ బయటికొచ్చాయి. మూడు చుక్కలు రెండు వచ్చేదాకా పెడితే 7. ఐదు నుంచి మూడుకి 19. ఏడు నుంచి నాలుగుకి 37. తొమ్మిది నుంచి ఐదుకి 61. చిన్నోడికి ఇంకా కూడికలే వచ్చు. వాడు ఒంటి చుక్కతో మొదలుపెట్టి వీటిని వరసగా కలుపుకుంటూ పోయాడు. ఒకటికి ఏడు కలిపితే 8. దానికి పంతొమ్మిది కలిపితే 27. ముప్పై ఏడు కలిపితే 64. అరవై ఒకటి కలిపితే 125. పక్కన కూర్చున్న అక్క కళ్లు పెద్దవయ్యాయి. రెండుని మూడుసార్లు గుణిస్తే 8, మూడుని గుణిస్తే 27, నాలుగుని గుణిస్తే 64, ఐదుని గుణిస్తే 125. అన్నీ ఘనాలే! తమ్ముడు కూడికల్లో ఉన్నాడు, అక్క ఘనాల్లో ఉంది, ఇద్దరూ ఒకే ముగ్గు మీద కలుసుకున్నారు. వయసుని బట్టి గదులు వేరు చేస్తే ఈ కలయిక కుదరదు.

ఎందుకిట్లా వస్తోందని అడగకుండా వదులుతారా? వాళ్ల నాన్న చక్కెర బిళ్లల డబ్బా తెచ్చి, మూడేసి చొప్పున పేర్చి 27 బిళ్లల పెట్టె కట్టాడు. ఒక మూలకి ఎదురుగా కూర్చుని కొంచెం పైనుంచి చూస్తే మూడు పక్కలు కనిపిస్తాయి. ఆ మూడు పక్కల్లో ఉన్న బిళ్లలు లెక్కపెడితే సరిగ్గా 19. వెనక దాక్కున్నవి 8. అంటే చిన్న ఘనానికి మూడు వైపులా ఒక పొర కప్పితే పెద్ద ఘనమవుతుంది, ఆ పొరే మన అయిదు చుక్కల ముగ్గు. అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసింది. ఇంతలో చిన్నోడు రెండు బిళ్లలు నోట్లో వేసుకున్నాడు కాబట్టి ఆ పూట తీసివేతలు కూడా అయిపోయాయి.

అన్నట్టు, ఈ చలికి దోసె పిండి పులవడం లేదని మీ ఇంట్లో కూడా గొడవగానే ఉంటుంది కదా. మా పిల్లలు ఆ పిండిని రెండు గిన్నెల్లో పోసి, ఒకటి పొయ్యి పక్కన, ఒకటి పెరటి కిటికీ దగ్గర పెట్టారు. పొద్దున్నే పొయ్యి పక్కది పొంగి గిన్నె దాటింది, కిటికీ దగ్గరది పెట్టింది పెట్టినట్టే ఉంది. పిండిని పులిపించే సూక్ష్మజీవులకి కూడా వెచ్చదనం కావాలని తేలింది. పొంగింది పులిబొంగరాలకి, పొంగనిది మర్నాడు కారం దోసెలకి. చలికాలంలో రాత్రికి బదులు సాయంత్రమే రుబ్బి పెట్టాలన్న సంగతి ఇప్పుడు చిన్నోడే మాకు గుర్తుచేస్తున్నాడు.

ఇక పక్షుల సంగతి. నేలపట్టు పోవాలంటే ఇదే అదను. హైవే మీద నాయుడుపేట వైపు పోయి దొరవారిసత్రం దగ్గర పక్కకి తిరిగితే చాలు. చెరువులో నీళ్లలోనే నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి ఉంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వాటికి పురుళ్ల కాలం. ఒక పక్షి పుల్ల తెస్తుంది, ఇంకోటి దాన్ని అందుకుని గూట్లో దోపుతుంది. పిల్ల తన తలని అమ్మ గొంతు కింది సంచిలోకి మెడదాకా దూర్చి చేపలు తినడం చూడాలి మీరు! మొదటిసారి చూసినప్పుడు చిన్నోడు "అమ్మ వాణ్ని మింగేస్తోంది" అని నా కొంగు పట్టుకున్నాడు. ఇప్పుడు పక్కన ఎవరు భయపడినా వాడే ధైర్యం చెబుతాడు. ఇద్దరి దగ్గరా చెరో నోటు పుస్తకం. పెద్దది బొమ్మలు గీస్తుంది, వాడు వచ్చిన పక్షులకి గీతలు గీసి ఐదేసి కట్టలు కడతాడు. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందెందుకుందో కూడా అక్కడే తెలిసింది. పై ముక్కూ కింది ముక్కూ కలవని ఆ సందు నత్తల్ని పట్టుకోవడానికి అక్కరకొస్తుంది. ఊరి రైతులకీ ఈ పక్షులంటే ప్రాణం. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి మంచి ఎరువు. పక్షి వానని తెస్తుందని పెద్దలు నమ్మారు, పైరుకి బలం తెస్తుందని పిల్లలు రాసుకున్నారు.

మరి రాజహంసల్ని, అదే మన ఫ్లెమింగోల్ని చూడాలంటే ఇటువైపు, శ్రీహరికోట రోడ్డు పట్టాలి. పులికాట్ సరస్సుని చీల్చుకుంటూ పోయే ఆ రోడ్డు మీద అటకానితిప్ప దాకా ఎక్కడ ఆగినా రెండు పక్కలా నీళ్లే. చిల్క తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మన వీధి చివర పారే కాళంగి కూడా అందులోనే కలుస్తుంది. ఫ్లెమింగో తలని తలకిందులుగా నీళ్లలో ముంచి బురదని జల్లెడ పడుతుంది. మోకాలు వెనక్కి వంగుతుందేమిటని పెద్దది పట్టుకుంది. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు ఒంటి దగ్గర ఈకల్లో దాగి ఉంటుంది. ఇక ఇద్దరూ ఇంటిదాకా మునివేళ్ల మీదే నడవడానికి చూశారు. మందలో బూడిద రంగువి కనిపిస్తే అవి పిల్లపక్షులు. వాటికి గులాబీ రంగు పుట్టుకతో రాదు, తిండితో వస్తుంది. నీళ్లలోని నాచు, చిన్నచిన్న రొయ్యజాతి పురుగుల్లో ఉండే రంగే ఒంటికి పడుతుంది.

రొయ్యలంటే గుర్తొచ్చింది. సరస్సు రొయ్యలు ఇంటికి తెచ్చి ఇగురు పెడుతుంటే వంటింట్లో పెద్ద సభే జరిగింది. పచ్చి రొయ్య బూడిద రంగులో ఉంటుంది, మూకుడులో పడగానే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎక్కడ్నుంచి వచ్చింది? మిరప్పొడి వేయకముందే ఎర్రబడిందని చిన్నోడు సాక్ష్యం చెప్పాడు. రొయ్యలో ఆ ఎర్ర రంగు ముందునుంచే ఉంది. ఒక మాంసకృత్తు దాన్ని పట్టి ఉంచినంతసేపూ మనకి బూడిదగా కనిపిస్తుంది. వేడికి ఆ పట్టు సడలగానే అసలు రంగు బయటపడుతుంది. ఫ్లెమింగో రెక్కల గులాబీ, రొయ్య ఎరుపు, క్యారెట్ రంగు, అన్నీ ఒకే కుటుంబం. పొద్దున సరస్సు దగ్గర అడిగిన ప్రశ్నకి మధ్యాహ్నం మూకుట్లో జవాబు దొరికితే ఆ అన్నం రుచే వేరు. అందుకే నేను వంటింట్లోంచి పిల్లల్ని బయటికి పొమ్మనను. కత్తిపీట దగ్గర మాత్రం అవ్వ కూర్చుంటుంది.

ఇక మన ఊరికి మాత్రమే దక్కిన పాఠం ఒకటుంది. రాకెట్ ఎగిరే రోజు వీధి వీధంతా మిద్దెలెక్కుతుంది. కింద టీవీలో కౌంట్‌డౌన్, పైన పిల్లల కళ్లు తూర్పుకి. టీవీలో బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కదా, అందుకని మిద్దె మీద కేక ముందు, టీవీలో చప్పట్లు తర్వాత. వెలుగు కనిపించగానే మావాళ్లు సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. చప్పుడు కిలోమీటరుకి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. నిమిషానికి ఇరవై కిలోమీటర్లు. మంట కనిపించిన నిమిషానికి గానీ కిటికీ తలుపులు గలగలమనవు. ఆ నిమిషం మిద్దె మీద ఎవరూ మాట్లాడరు, మావాళ్ల లెక్క తప్ప ఏమీ వినపడదు. ఉరుముల రోజుల్లో పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పడానికీ ఇదే లెక్క పనికొస్తోంది.

మిద్దె మీదే ఇంకో పనీ చేశారు. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. దాని పేరు రోహిణి-125. ఆ అంకె దాని వ్యాసం, మిల్లీమీటర్లలో. సుద్దముక్కతో పన్నెండున్నర సెంటీమీటర్ల సున్నా గీస్తే అందులో చిన్నోడి పాదం కూడా పట్టలేదు. తర్వాత 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్ నడుము వ్యాసం నాలుగు మీటర్లు. మేకుకి తాడు కట్టి ఆ సున్నా గీస్తే వీధిలో పిల్లలంతా అందులో నిలబడ్డారు, ఇంకా చోటు మిగిలింది. యాభై ఏళ్ల శ్రమ ఎంతటిదో నాకు ఏ పుస్తకమూ ఇంత బాగా చూపించలేదు.

ప్రయోగాలకి శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారంటారా? తూర్పున సముద్రం, కింద జనం లేరు. పైగా భూమి తూర్పుకే తిరుగుతోంది, మన దగ్గర సెకనుకి సుమారు 450 మీటర్ల వేగంతో. ఆ ఊపు తూర్పుకి పోయే రాకెట్‌కి ఊరికే దక్కుతుంది. దక్షిణానికి పోవాల్సినవి మాత్రం శ్రీలంకని తప్పించుకుని చుట్టూ తిరగాలి. మావాళ్లు గ్లోబు మీద దారం పెట్టి ఆ రెండు దారులూ చూశారు. ఇంకో సంగతి చెబితే సంబరపడతారు. 2002లో అక్కడి అంతరిక్ష కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. ఆయన రాకెట్లతో పాటు పక్షులు ఎలా ఎగురుతాయన్న దాని మీద కూడా పుస్తకం రాశారు. పక్షుల నోటు పుస్తకం, రాకెట్ నోటు పుస్తకం వేరువేరుగా పెట్టుకున్న పెద్దది ఆ సంగతి విన్నాక రెండూ కలిపి కుట్టేసింది.

రాకెట్ వెళ్లాక చెంగాళమ్మ దర్శనం మా ఇంటి ఆనవాయితీ. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు కూడా వచ్చి దండం పెట్టుకునే తల్లి. గుడికి తలుపులు లేవు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. తలుపు కోసం తెచ్చిన చెక్క చిగురించి చెట్టయిందని మన పెద్దలు చెప్పే కథ అవ్వ ప్రతిసారీ చెబుతుంది, పిల్లలు ప్రతిసారీ కొత్తగా వింటారు. కొట్టిన కొమ్మ మళ్లీ చిగురు వేయడం నిజంగా చూడాలని పెరట్లో మునగ కొమ్మ ఒకటి పాతారు. ఆకు వేసింది. కాయలు కాస్తే మీకూ పంపుతాం.

ఇక రైలు. చెన్నై లోకల్ బండ్లు మన ఊరి దాకా వస్తాయి కదా, అది మా తమిళ తరగతి. అక్కంపేట, తడ దాకా స్టేషన్ బోర్డుల మీద తెలుగు. ఆరంబాక్కం రాగానే తమిళం. పేరు ఇంగ్లీషులో చదివి, తమిళ అక్షరాలతో పోల్చుకుంటూ గుమ్మిడిపూండి చేరేలోపు పెద్దది కొన్ని అక్షరాలు పట్టేసింది. ఎదురు సీట్లో పూలు కట్టుకుంటున్న పెద్దమ్మ తప్పులు దిద్దింది. ఫీజుగా చిన్నోడు ఆమెకి చెగోడీలు పెట్టాడు. ఊరు సరిహద్దు మీద ఉండటం ఎంత లాభమో మనం గుర్తించడం లేదనిపిస్తుంది నాకు. ఇక్కడి పిల్లలకి రెండు భాషలు ఆటలోనే వచ్చేస్తాయి, మనం కాస్త తీసుకెళ్తే చాలు.

ఇప్పుడు అసలు పండగ పని, అరిసెలు. ఇక్కడ మాస్టారు అవ్వ ఒక్కతే, మేమంతా విద్యార్థులం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అంది. మాకు రెండున్నర కిలోలు కావాలి, బెల్లం ఎంత అని పెద్దదాన్ని అడిగింది. ఒక కిలో ఎనిమిది వందల డెబ్భై ఐదు గ్రాములని జవాబు వచ్చేసరికి అవ్వ "రెండు కిలోలకి కాస్త తక్కువ అంటే పోలా" అని బెల్లం దిమ్మ అందుకుంది. బియ్యం నానాలి, నీళ్లు వాడ్చాలి, తడి ఆరకుండానే మరపట్టాలి. అసలు పరీక్ష పాకంలో. చల్లటి నీళ్ల గిన్నెలో చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. జారిపోతే ఇంకా కాలేదు, టక్కుమంటే దాటిపోయింది. వాళ్ల నాన్న థర్మామీటర్ పెట్టి చూస్తే ఉండపాకం 115 డిగ్రీల దగ్గర వచ్చింది. అవ్వ దించమన్నదీ సరిగ్గా అప్పుడే. ఆమె చూపుడు వేలికి ఆ వేడి ఎన్నో పండగల నుంచి తెలుసు. పిల్లలు థర్మామీటర్‌కి ఒక దండం, అవ్వకి రెండు దండాలు పెట్టారు. మనుబూలు, లడ్లు తర్వాతి వరసలో ఉన్నాయి.

సెలవులిచ్చాక వీధిలో బడి పిల్లలంతా మా వాకిట్లోనే. భోగి పిడకలు, రేగుపళ్లు, గాలిపటాలు, ఏది చేసినా అందరూ కలిసే. "మీ పిల్లలకి స్నేహితులెట్లా?" అని అడిగేవాళ్లు ఒక్క సాయంత్రం ఆ అల్లరి వినాలి.

బస్టాండు దగ్గర పూలమ్మే అక్క మొన్న మళ్లీ అడిగింది, "ఏందమ్మా, పిల్లోళ్లని బడికి పంపకపోతే రేపు పది ఎట్టా రాస్తారు?" అని. మీలో కూడా కొందరికి ఈ సందేహం ఉంది, అందుకే చెబుతున్నా. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంట్లో చదివించినవాళ్లకి అందులో శిక్ష ఏమీ లేదు. పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పేరు కట్టి పదో తరగతి రాయొచ్చు. మన రాష్ట్రానికి 1991 నుంచి ఒకటుంది, జాతీయ స్థాయిలో ఇంకోటుంది. జాతీయ దాంట్లో ఐదేళ్ల గడువులో ఒక్కో సబ్జెక్టూ విడివిడిగా రాసుకోవచ్చు. ఆ తర్వాత ఇంటరు, డిగ్రీ మామూలు దారే.

అలాగని ఇంటి చదువు అందరికీ కుదరదు. పగలంతా పెద్దవాళ్లెవరో ఒకరు పిల్లలతో ఉండాలి. మా ఇంట్లో అవ్వ ఉంది, వాళ్ల నాన్నకి షిఫ్టుల పని కాబట్టి కొన్ని పగళ్లు దొరుకుతాయి, మాకు సాగుతోంది. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో బడే దిక్కు, మంచి బడి దొరికితే అదృష్టమే. కానీ ముగ్గు చుక్కలు, రొయ్యల మూకుడు, రైలు బోర్డులు బడి పిల్లలకీ అందుబాటులోనే ఉన్నాయి. ఆదివారం పూట ఫోను పక్కన పెట్టి ఒక్క గంట పిల్లలతో నడిస్తే చాలు.

కనుమ అయ్యాక చుట్టాలు వెళ్లిపోతారు, అరిసెలు మిగులుతాయి. అవి కట్టుకుని నేలపట్టు రండి. పక్షులు మార్చి దాకా ఉంటాయి గానీ గూళ్లలో పిల్లల్ని చూడాలంటే ఇప్పుడే రావాలి. తెల్లవారుజామున వస్తే ఎండ ఉండదు. పక్షుల్ని చూసే టవరు దగ్గర పెద్దగా మాట్లాడకండి, ప్లాస్టిక్ కవర్లు చెరువు గట్టున వదలకండి. బైనాక్యులర్స్ లేవని ఆగిపోవద్దు, మా ఇంట్లో ఒకటి అదనంగా ఉంది, వచ్చి పట్టుకెళ్లండి.